మా బావ ఓడిపోయిన కొండవాలు

మా బావకి ఇంట్లో బల్బు మార్చడం చేతకాదు. పని తెలియక కాదు, స్టూలు ఎక్కాలంటే భయం. రెండడుగుల స్టూలు ఎక్కితే చాలు, కాళ్ళు వణుకుతాయి. గోడ పట్టుకుని "మరదలా, నువ్వు రావే" అని కేకేస్తాడు. ఆ మనిషే పొద్దున్న లేచి వెళ్ళి, మేకలు కూడా ఆలోచించి అడుగేసే కొండవాలు మీద ఏనుగంత యంత్రాన్ని నిలబెట్టి, దాంట్లో కూర్చుని సాయంత్రం దాకా పని చేసి వస్తాడు. ఇదేం విడ్డూరం బావా అంటే, "బండి పడదని నాకు తెలుసు. నేను పడనని ఎవరు చెప్పొచ్చారు?" అంటాడు.

ఆయన నడిపేది పొక్లెయిన్. చైన్ల మీద పాకుతూ, పొడవాటి ఇనప చెయ్యితో గుంతలు తవ్వే యంత్రం అంటే అందరికీ తెలుసు. కానీ మా బావ గుంతలు తవ్వడు. మనుషులు వదిలేసిన చోట పెరిగిన అడవిని తీస్తాడు. కాలువ గట్లు, పాత రైలు దారులు, ఎవరూ దిగలేని లోయల అంచులు, ఇవీ ఆయన పొలాలు. ఆ చెయ్యి చివర ఏది తగిలిస్తే యంత్రం ఆ పని చేస్తుంది. మల్చర్ తగిలిస్తే, పళ్ళున్న డ్రమ్ము గిరగిరా తిరిగి మనిషెత్తు ముళ్ళపొదను కూడా పొట్టు పొట్టు చేసేస్తుంది. గ్రాబ్ తగిలిస్తే, ఇనప వేళ్ళతో మానునో రాయినో పట్టుకుని పక్కన పెడుతుంది. పనివాళ్ళు వీటిని తలలంటారు. "ఈ పూట ఏ తల పెట్టమంటావ్?" అని అడుగుతారు.

తోటి డ్రైవర్లు ఆయనకి 'నిదానం' అని పేరు పెట్టారు. పేరుకి తగ్గ మనిషే. ఏ పొదలోకైనా మల్చర్ దించే ముందు హారన్ కొడతాడు. కొట్టి ఇంజను ఆపి, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. లోపలున్న కుందేళ్ళూ పాములూ పిట్టలూ సర్దుకుని వెళ్ళిపోవాలి కదా, అందుకు. పిల్లల్నేసుకుని బయల్దేరే తల్లికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాలంటాడు. ఇంకో పట్టింపు ఏమిటంటే, వాలు మీద మొదళ్ళు కోస్తాడు తప్ప వేళ్ళు పీకడు. కొండని పట్టుకుని ఉన్నవి ఆ వేళ్ళే, పీకితే మొదటి వానకే మట్టంతా జారుతుందని ఆయన లెక్క. ఈ లెక్కలన్నీ అయ్యేసరికి మిగతావాళ్ళు రెండో టీ తాగేసి ఉంటారు.

ఆయన పక్కన ఎప్పుడూ ఈలాయన ఉంటాడు. క్యాబిన్లో కూర్చున్నవాడికి చైన్ల కింద ఏముందో కనపడదు కాబట్టి, నేల మీద నిలబడి ఈల వేసి చెప్పడం అతని పని. ఒక ఈలంటే ఆగమని, రెండు ఈలలంటే రమ్మని, మూడు ఈలలంటే తను టీకి వెళ్తున్నానని. ఇద్దరూ కలిసి ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారంటే, ఈలాయన ఇంట్లో కూడా భార్యని ఈలతోనే పిలవబోయి చీవాట్లు తిన్నాడట.

ఇక మా అక్క. వాళ్ళింటి కింద గదిలో నా కుట్టుమిషను ఉంది కాబట్టి, ఆ సంసారం గురించి నాకు తెలియనిది లేదు. మా అక్క మనిషి పొట్టి, మాట పొడుగు. చిన్న మాట పట్టుకుని గంటసేపు వాదించగలదు. బావ వాదించడు, కానీ ఒప్పుకోడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం ఇద్దరూ. వాళ్ళ వాదనల్లో పెద్దది, పెళ్ళైన నాటి నుంచీ నడుస్తున్నది, ఒకటుంది. అది రాతిబల్ల గొడవ.

మా ఊరికి పైవీధి, కిందవీధి అని రెండు భాగాలు. మధ్యలో నిటారుగా దిగే కొండవాలు. వెనకటికి ఆ వాలు మీద ఒక కాలిబాట ఉండేది. అక్క పైవీధి నుంచి కిందనున్న బేకరీలో పనికి దిగేది. బావ కిందనున్న కోతమిల్లు నుంచి ఇంటికి ఎక్కేవాడు. ఇద్దరూ మధ్యలో కలుసుకునేవారు, ఆపైన కూర్చునేవారు, ఆపైన పెళ్ళి చేసుకున్నారు. తర్వాత చుట్టూ తిరిగే బస్సు రోడ్డు వచ్చింది. నడిచేవాళ్ళు లేక బాట మీద ముళ్ళపొదలూ తీగలూ అల్లుకుపోయాయి. గొడవల్లా ఎక్కడ కూర్చునేవారన్న దాని మీద. అక్క వీపానుకునే రాతిబల్ల మీద అంటుంది. బావ అసలక్కడ బల్లే లేదు, మెట్ల మీద అంటాడు.

"మెట్ల మీద మీరు ఇంకెవరితోనైనా కూర్చున్నారేమో. నాతో మాత్రం బల్ల మీదే," అనేది అక్క.

"ఇంకెవరు కూర్చుంటారే నాతో? నువ్వు కూర్చోవడమే ఎక్కువ," అనేవాడు బావ.

చుట్టాలొచ్చినా, కరెంటు పోయినా, ఊసుపోకపోయినా ఇదే. ఊళ్ళో పెద్దవాళ్ళనడిగితే ఒకరు ఉందనేవారు, ఒకరు లేదనేవారు. మాకు అదొక కాలక్షేపం.

కిందటేడు అక్క తలలో చిన్న గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. చెడ్డది కాదు, మొత్తం తీసేశాం, కొన్నాళ్ళు చిన్న చిన్న మతిమరుపులుంటాయి, అవే పోతాయి అన్నారు డాక్టర్లు. మతిమరుపులు నిజంగా చిన్నవే. టీలో చక్కెర రెండుసార్లు వేసేది. కత్తెర కోసం వచ్చి, ఎందుకొచ్చానా అని నిలబడేది. అవి మెల్లగా తగ్గాయి కూడా. తగ్గనిది ఒక్కటే. మా అక్కకి తన మీద తనకి నమ్మకం పోయింది. ఏ మాట చెప్పబోయినా "అలా జరిగిందా, నేననుకుంటున్నానా?" అని మా మొహాలు చూసేది. వీధి చివరిదాకా వెళ్ళి, తలుపుకి తాళం వేశానో లేదో అని వెనక్కి వచ్చేది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చేది.

ఒకనాడు భోజనాల దగ్గర ఏదో మాట మీద బావ అలవాటుగా "బల్లా లేదు గిల్లా లేదు" అన్నాడు. నేను నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. అక్క గిన్నెలోకి చూస్తూ, "అవునేమోనండీ. మీరు చెప్పిందే నిజమై ఉంటుంది. నేనే ఊహించుకున్నానేమో," అంది.

జీవితంలో మొదటిసారి వాదనలో గెలిచిన మనిషి మొహం అలా ఉంటుందని నేననుకోలేదు. బావ తినడం ఆపేసి లేచి వెళ్ళిపోయాడు. నేను గిన్నెలు కడుగుతుంటే వెనక వచ్చి నిలబడి, గొంతు తగ్గించి, "మరదలా, ఆ బల్ల ఉండాలే. ఉండి తీరాలి," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో గొడవల్లేకపోవడం ఎంత భయంకరంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అలాంటి రోజుల్లో మున్సిపాలిటీ వాళ్ళకి ఆ బాట మీద బుద్ధి పుట్టింది. పైవీధి పిల్లలకి కింది బడి దగ్గరవుతుందని, వాలంతా శుభ్రం చేసి బాట మళ్ళీ తెరుస్తామన్నారు. బావ పనిచేసే కంపెనీకే పని వచ్చింది. ఎప్పుడూ ఇచ్చిన పని చేయడమే తప్ప ఏదీ అడగని మనిషి, సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి ఆ వాలు తనకే కావాలని కూర్చున్నాడట. ఈలాయన చెప్పాడు నాకు. "అడగడం రాదు కదా, అలా కూర్చున్నాడంతే. వాళ్ళే భయపడి ఇచ్చేశారు."

మధ్యాహ్నాలు మిషను ఆపి నేనూ చూడ్డానికి వెళ్ళేదాన్ని. పైనుంచి కిందికి పని. పైన పెద్ద చెట్టు మొదలుకి ఉక్కుతాడు కట్టి, రెండో కొస బండికి తగిలించాడు. ముందు బండి నిలబడేంత చదును చేసుకుంటాడు, చెయ్యి చాపి చుట్టూ పొదలు నూరుతాడు, ఆ పొట్టునే చైన్ల కింద పరుపులా పరిచి ఇంకొంచెం దిగుతాడు. ఒక పొదలో పిట్టగూడు ఉందని దాన్ని వదిలేసి చుట్టూ కొట్టాడు. చూడ్డానికి అది మంగలి మధ్యలో వదిలేసి పోయిన జుట్టులా ఉండేది. దారినపోయేవాళ్ళు నవ్వితే, "పిల్లలు ఎగిరాక తీస్తాలే," అన్నాడు.

సాయంత్రం ఒంటినిండా ఆకుపొట్టుతో ఇంటికొచ్చేవాడు. అక్క ఆయన జుట్టులోంచి ఆ పొట్టు ఏరేది. ఏరుతూ ఏదో అడగబోయేది, ఆగిపోయేది. ఏమడగబోతోందో ముగ్గురికీ తెలుసు. అడిగితే 'లేదు' అంటారేమోనని ఆవిడ భయం. చెప్పాల్సొస్తే ఏం చెప్పాలా అని ఆయన భయం.

బాట మధ్యదాకా వచ్చేసరికి పాత మెట్లు బయటపడ్డాయి. విరిగి, నాచు పట్టి ఉన్నా, మెట్లే. బల్ల మాత్రం లేదు. బాటకి గుర్తుగా మున్సిపాలిటీ వాళ్ళు పాతిన కొయ్యల వెంబడి, మెట్ల పక్క మలుపంతా బావా ఈలాయనా పొదలు తీసేశారు. ఈలాయన ఇనపకడ్డీ పట్టుకుని నేలంతా పొడిచి చూశాడు. ఎక్కడా రాయి తగల్లేదు. బావ క్యాబిన్లోంచి దిగి ఆ మెట్ల మీదే కూలబడ్డాడు. ఆయన చెప్పిందే నిజమైంది. అంత దిగులుగా నిజమైన మాట నేనింకోటి వినలేదు.

"కొండంతా గీకి ఎలకని కూడా పట్టలేదు కదా బావా," అన్నాను, నవ్విద్దామని.

ఆయన నవ్వలేదు. పైన కూలగొట్టిన పాత గోడ రాళ్ళ గుట్టని చూశాడు. తర్వాత ఈలాయన వైపు చూశాడు. ఈలాయన రెండు ఈలలు వేశాడు.

అలా మేం ముగ్గురం దొంగలమయ్యాం. బావ మల్చర్ తీసి గ్రాబ్ తగిలించి, గుట్టలోంచి పొడవాటి పలక ఒకటి ఎంచి, పసిబిడ్డని దించినట్టు దించాడు. రెండు రాళ్ళ మీద నిలబెట్టి, వెనక ఇంకో పలక వీపుకి ఆనించాడు. మా ఇంటి వెనక నీళ్ళతొట్టి గోడ మీంచి ప్లాస్టిక్ డబ్బా నిండా నాచు గీకి తెచ్చి, తడిచేత్తో అద్దింది నేనే. ఇక బావ సంగతి చెప్పాలా? నీటిబుడగతో వాటం చూసే లెవెల్ బద్ద తెచ్చి పెట్టి చూశాడు. కూర్చుని చూశాడు, ఎత్తు ఎక్కువైందని కింద రాళ్ళు మార్చి మళ్ళీ కూర్చుని చూశాడు. దొంగపని కూడా లెవెల్ చూసి చేసే మనిషి ఆయన. వంకరగా పెట్టమంటే చేతులు రావు.

సెలవురోజు పొద్దున్న అక్కని తీసుకుని బయల్దేరాను. తలుపుకి తాళం వేసి నాలుగడుగులు వేసి, వెనక్కి వెళ్ళి లాగి చూసింది. వీధి మలుపులో మళ్ళీ ఆగింది. "వేశానంటావా?" అంది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. బాట మొదట్లో బావ, ఈలాయన ఉన్నారు. బండి కింద మలుపులో ఆగి ఉంది. కొత్తగా పరిచిన పొట్టు పచ్చి వాసన వేస్తోంది. అక్క ఒక్కో అడుగూ చూసుకుంటూ దిగింది. మలుపు తిరగ్గానే బల్ల కనపడింది.

"చూశావా?" అన్నాడు బావ. గొంతు పెద్దగా పెట్టాడు. "ఉంది. నువ్వే గెలిచావు. నాదే తప్పు."

అక్క వెళ్ళి కూర్చుంది. చేత్తో రాయి తడిమింది. ఎదురుగా చూసింది.

"ఇదేనేమో," అంది మెల్లగా. అబద్ధం పెట్టి కూడా ఆ 'ఏమో'ని పోగొట్టలేకపోయాం.

తర్వాత ఆవిడ కిందికి చూసుకుంది. తన పాదాల్ని. పాదాలు నేలమీద చక్కగా ఆనుకుని ఉన్నాయి. ఒకసారి ఎత్తి మళ్ళీ పెట్టింది. కనుబొమలు ముడుచుకున్నాయి. మా అక్క కనుబొమలు అలా ముడుచుకోవడం చూసి ఏడాదైంది.

"ఇది కాదు," అంది.

"ఇదేనే," అన్నాడు బావ కంగారుగా.

"కాదండీ. నా కాళ్ళు నేలకి అందేవి కావు. ఊపుకుంటూ కూర్చునేదాన్ని. ఒకసారి చెప్పు జారి కిందికి దొర్లితే, మీరు చెట్లు పట్టుకుని ఏడుస్తూ దిగి తెచ్చారు. గుర్తులేదా?"

బావ నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోరు చూస్తే తెలిసింది, చెప్పు ఆయనకి గుర్తొచ్చిందని. "ఏడవలేదు," అన్నాడు.

అక్క అప్పటికే లేచింది. వంగి పలక అంచు చూసింది. గ్రాబ్ వేళ్ళ గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. ఈలాయన వైపు చూసింది. అతను ఆకాశం వైపు చూశాడు. నా వైపు చూసింది. గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకున్నట్టు, చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఏదీ, ఆ చేతులిలా చూపించు," అంది. "గోళ్ళనిండా ఆ పచ్చదనమేంటే? మన తొట్టిగోడ నాచు కదూ ఇది?"

తిట్లు మొదలవుతాయనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. తల పక్కకి వంచి దేన్నో వింటోంది. "అక్కడ కూర్చుంటే నీళ్ళ చప్పుడు వినపడేది. ఇక్కడ వినపడట్లేదు," అంది. మెట్లు దిగి, కొయ్యలు పాతిన దారి వదిలేసి, ఇంకా కొట్టని పొదల అంచు వెంబడి నడిచింది. ఎవరి మొహం చూడలేదు, ఎవర్నీ అడగలేదు. కొంతదూరం వెళ్ళి ఆగింది. మేమూ వెళ్ళి నిలబడితే, కింద ఎక్కడో రాళ్ళ మీద నీళ్ళు పారుతున్న చప్పుడు సన్నగా వచ్చింది.

"బాట ఇటు తిరిగేది. మీ కొయ్యలే తప్పు. ఇక్కడ తియ్యండి," అంది. ఎదురుగా తీగలు గుట్టలా అల్లుకుని ఉన్నాయి.

బావ వెళ్ళి బండెక్కాడు. ఈలాయన తాడు చూసి, అడుగడుగూ దారి చూపించి దగ్గరికి తెచ్చాడు. ఆత్రమంతా మాకుంటే, బావ హారన్ కొట్టి, ఇంజను ఆపి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ నిదానానికి నాకు ఒళ్ళు మండింది. పొదలోంచి కుందేలొకటి తీరుబడిగా వచ్చి, మమ్మల్ని చూసి, వెళ్ళిపోయింది. అప్పుడు మళ్ళీ ఇంజను.

గ్రాబ్ ఎలాగూ తగిలించే ఉంది. మల్చర్ అయితే రాయిని కొరికేసేది. ఇనప వేళ్ళతో తీగల్ని గుప్పెడు గుప్పెడు పట్టుకుని, చిక్కు జుట్టు విడదీసినట్టు విడదీశాడు. మొదట ఎండుటాకులు, తర్వాత చీకటి, తర్వాత నల్లటి రాయి అంచు. ఈలాయన ఒక్క ఈల వేశాడు. బండి ఆగింది. అతను పారతో ఆకులు తోసేశాడు. వీపానుకునే పలకతో సహా రాతిబల్ల, పక్కకి కొంచెం ఒరిగి, లెవెల్ ఏమాత్రం లేకుండా, బలంగా నిలబడి ఉంది.

నేను అరిచాను. ఏమని అరిచానో తెలియదు. ఈలాయన ఏ లెక్కా లేకుండా ఈలలు వేస్తూనే ఉన్నాడు. అక్క బల్ల దగ్గరికెళ్ళి, వెనక్కి తిరిగి, చిన్నప్పుడు గట్టెక్కినట్టు ఒక్క ఎగురు ఎగిరి కూర్చుంది. పాదాలు నేలకి అందలేదు.

బావ దిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అప్పుడు మొదలైంది. "బుద్ధుందా మీకు? ఇన్నేళ్ళు లేదు లేదని నన్ను పిచ్చిదాన్ని చేసి, పైగా దొంగబల్ల పెట్టి గెలిపిస్తారా? గెలవడానికి నాకు మీ సాయం కావాలా? ఆ నాచు అద్దిన మొహానికి లేదు, ఈ ఈల వేసే మొహానికి లేదు, మీకైనా ఉండక్కర్లా?" అని ఎత్తుకుంది. మా ముగ్గుర్నీ కలిపీ తిట్టింది, విడివిడిగానూ తిట్టింది. బావ చేతులు కట్టుకుని, జుట్టునిండా ఆకులతో, ఒక్కో తిట్టూ వింటూ మెరిసిపోతున్నాడు.

"నేను బల్ల చూశానా అప్పుడు? నిన్ను చూశాను," అన్నాడు, సందు దొరగ్గానే.

"చూసింది చాలు. మెట్లు మాత్రం బాగా చూశారే!"

ఆ విసురుకి ఊగుతున్న కాలి చెప్పు జారింది. జారి, ఎగిరి, వాలు మీద దొర్లి కింద ఒక మొదలుకి తగిలి ఆగింది. అక్క వేలు చూపించింది. స్టూలెక్కలేని మా బావ చెట్ల మొదళ్ళు పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, దిగి తెచ్చాడు. ఏడవలేదని రోజుకోసారి చెప్తున్నాడు కానీ, సాక్షులం మేమిద్దరం ఉన్నాం.

చెప్పు తొడిగి, రొప్పుతూ, "ఇక పోదామా?" అన్నాడు. అని, ఈ ఏడాదిగా పడిన అలవాటు కొద్దీ, "తాళం వేశావా?" అని కూడా అడిగాడు.

"వేశాను. కూర్చోండి," అంది అక్క.

బావ పక్కన కూర్చున్నాడు. మాలో ఎవరమూ వెనక్కి వెళ్ళి చూడలేదు.